రెండు గ్రాముల కార్డు

యంత్రం తేలిగ్గానే దొరికింది. బాస్ ఎస్‌పీ-303 అనే శాంప్లర్, అంటే శబ్దాల ముక్కలు ఎక్కించుకుని ప్యాడ్ నొక్కితే తిరిగి పలికించే పెట్టె, ఒకరు వాడి వదిలేసినది. ప్యాడ్ల మీద రంగు కాస్త పోయింది గానీ ఎనిమిదీ పలుకుతున్నాయి, నాబ్‌లు గరగరలాడకుండా తిరుగుతున్నాయి. కార్డు పెట్టే సందు మాత్రం ఖాళీ. ఆ సందులో పెట్టాల్సిన స్మార్ట్‌మీడియా అనే పాత మెమరీ కార్డు కోసం నేను వెతికిన రోజులు, యంత్రం కోసం వెతికిన రోజులకు నాలుగింతలు ఉంటాయి. గుర్రం ఇంటికొచ్చాక కళ్ళెం కోసం తిరగడమంటే ఇదే.

ఆ తిరుగుడు గురించి రాయాలని ఎప్పుడూ అనుకోలేదు. ఈమధ్య పాత శాంప్లర్లు వాడేవాళ్లకు ఎవరో ఇచ్చిన సలహా ఒకటి చదివాను. ఈ కార్డులు ఎక్కడ కనిపించినా, ఎన్ని కనిపిస్తే అన్ని కొని దాచుకోవాలట, రేపటికి ఒక్కటీ మిగలదట. చదవగానే తల నిలువునా ఊపాను. వారం తిరిగేసరికి అదే తల అడ్డంగా ఊగడం మొదలైంది. ఎందుకో రాసి చూసుకుంటే తప్ప నాకే తేలేలా లేదు.

ముందే చెప్పేస్తాను. కార్డు కొనాలి. అయితే ఒకటి, మరీ భయమైతే రెండు. అంతకు మించి కొన్న ప్రతి కార్డూ మన సంగీతాన్ని కాపాడదు. దాన్ని అన్నిటికంటే బలహీనమైన చోట పెట్టడానికి మనకు ధైర్యం మాత్రం ఇస్తుంది.

మెదడు లేని కార్డు

స్మార్ట్‌మీడియా 1995లో తోషిబా తెచ్చిన కార్డు. మొదట్లో దాని పేరే సాలిడ్ స్టేట్ ఫ్లాపీ డిస్క్ కార్డ్, అంటే ఫ్లాపీ చేసే పనికి చిప్పుతో చేసిన బదులు. 45 మి.మీ. పొడవు, 37 మి.మీ. వెడల్పు, మందం 0.76 మి.మీ. తూకం రెండు గ్రాములు. చేతిలో పట్టుకుంటే వస్తువులా ఉండదు, ఏదో వస్తువు మీంచి ఊడిన రేకులా ఉంటుంది. అంత పలచగా ఉండటానికి కారణం ఉంది. అందులో మెమరీ చిప్పు తప్ప ఇంకేమీ లేదు.

మొత్తం కథ ఇక్కడే ఉంది కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుతాను. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డులో మెమరీతో పాటు దాన్ని నడిపే కంట్రోలర్ కూడా ఉంటుంది. యంత్రం 'ఫలానా నంబరు ముక్క ఇవ్వు' అంటే చాలు, అది లోపల ఎక్కడుందో, ఏ గది పాడైందో కార్డే చూసుకుంటుంది. స్మార్ట్‌మీడియాలో ఆ చూసుకునేవాడు లేడు. ఉన్నది ఒట్టి నాండ్ ఫ్లాష్ (కరెంటు తీసేసినా రాసినది నిలిచే మెమరీ చిప్పు), బయటికి 22 లోహపు రేకులు. లెక్కంతా యంత్రమే చూసుకోవాలి. ఉదాహరణకు 16 ఎంబీ కార్డులో 1,024 గదులుంటాయి, వాటిలో 1,000కే నంబర్లు ఇస్తారు. తక్కిన 24 గదుల్లోంచే పాడైన వాటికి బదులు వెతుక్కోవాలి. ప్రతి 512 బైట్ల పక్కనా 16 బైట్ల చిన్న చీటీ ఉంటుంది, ఇది ఏ నంబరు గది, తప్పులు దొర్లితే ఎలా సరిదిద్దాలి అన్నది అందులో రాసుకుంటారు. చీటీలు రాసేదీ, చదివేదీ, గదులు మార్చేదీ అంతా కార్డు బయట ఉన్న యంత్రమే.

ఆనాటికి ఇది తెలివైన లెక్కే. కార్డు చవకవుతుంది, పలచబడుతుంది. కాకపోతే కార్డు పుట్టకముందే తయారైన యంత్రానికి ఆ కార్డు సంగతి తెలిసే దారి లేదు. అందుకే ఒక యంత్రం 64 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఇంకొకటి 128 దాకా పోతుంది. 128 తర్వాత ఈ జాతే ఆగిపోయింది. వోల్టేజి గొడవ వేరే ఉంది. తొలితరం కార్డులు 5 వోల్టులవి, తర్వాతివి 3.3 వోల్టులవి. తేడా తెలియడానికి ఒకదానికి ఎడమ మూల, రెండోదానికి కుడి మూల కోసి ఉంటుంది. బాస్ ఎస్‌పీ-202కి 5 వోల్టుల కార్డు కావాలి, దాని తర్వాత వచ్చిన నా 303కి 3.3 కావాలి. నేను కొన్న మొదటి కార్డుకు మూల అటువైపు ఉంది. అమ్మినాయన ఫొటో స్పష్టంగానే పెట్టాడు. చూడాల్సిన మూలను నేనే చూడలేదు.

రెండో కార్డును నా చేతులతో నేనే చంపాను. పాత రీడర్‌లో పెట్టి, శుభ్రంగా ఉంటుంది కదా అని కంప్యూటర్‌లో ఫార్మాట్ కొట్టాను. కంప్యూటర్ తన అలవాటు ప్రకారం గీతలు గీసింది, శాంప్లర్‌కు ఆ గీతలు అర్థం కాలేదు. తిరిగి శాంప్లర్‌లోనే ఫార్మాట్ చేయబోతే, ఏ కార్డూ పెట్టనట్టే ప్రవర్తించింది. ఈ కార్డులను ఏ యంత్రంలో వాడతామో ఆ యంత్రంలోనే ఫార్మాట్ చేయాలి అన్న ఒక్క ముక్క తెలిసి ఉంటే సరిపోయేది.

ఫ్లాపీవాళ్లు ఎందుకు హాయిగా ఉన్నారు

వింత ఏమిటంటే మనకంటే పాత యంత్రాలవాళ్లకు ఈ బాధ తక్కువ. ఈము ఎస్‌పీ-1200 పుట్టింది 1987లో, అకాయ్ ఎస్900 అంతకు ఏడాది ముందు. రెండూ ఫ్లాపీ మీద బతికాయి. సోనీ 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసినప్పుడు ఇక ఈ యంత్రాల పని అయిపోయిందన్నవాళ్లున్నారు. అయిపోలేదు. గోటెక్ అనో హెచ్‌ఎక్స్‌సీ అనో ఒక చిన్న పెట్టెను డ్రైవ్ స్థానంలో బిగిస్తే, యంత్రం దాన్నే ఫ్లాపీ డ్రైవ్ అనుకుంటుంది. ఒక యూఎస్‌బీ స్టిక్కులో వందల డిస్కులు. స్కజీ అనే పాత పద్ధతి హార్డ్‌డిస్కులు వాడిన శాంప్లర్లకూ ఇప్పుడు ఎస్‌డీ కార్డుతో నడిచే బదులు పెట్టెలున్నాయి.

వీటన్నిటిలోనూ యంత్రానికీ డిస్కుకూ మధ్య తెలివి ఉన్న ఒక డ్రైవ్ ఉంది, ఆ రెండూ మాట్లాడుకునే భాష అందరికీ తెలిసినది. ఆ గుమ్మం దగ్గర ఎవరిని నిలబెట్టినా యంత్రం పట్టించుకోదు. కాంపాక్ట్‌ఫ్లాష్‌వాళ్లదీ అదే అదృష్టం. 2003లో వచ్చిన అకాయ్ ఎంపీసీ1000 శాంప్లర్ లాంటివి వాడేవాళ్లకు కార్డు దొరకక కాదు బాధ, చిన్న కార్డు దొరకక. కార్డులో ఫైళ్లు సర్దే ఫ్యాట్16 అనే పాత పద్ధతిలో 32 కిలోబైట్ల ముక్కలు 65,536కు మించి లెక్కపెట్టలేరు కాబట్టి ఆనాటి యంత్రాలు చాలావరకు 2 జీబీ దగ్గరే ఆగిపోతాయి. అయినా ఎస్‌డీ కార్డును లోపల దూర్చుకునే అడాప్టర్లతో నెట్టుకొస్తున్నారు.

స్మార్ట్‌మీడియా దగ్గర అలాంటి గుమ్మం లేదు. యంత్రం నేరుగా చిప్పు నరాలు పట్టుకుని మాట్లాడుతుంది. దాన్ని నమ్మించాలంటే ఆ చిప్పులాగే, చీటీలతో సహా నటించాలి. అందుకే ఇక్కడ బదులు పెట్టె చేయడం అంత తేలిక కాదు, అందుకే అసలు కార్డుల వేట ఇంతగా నడుస్తోంది. కోర్గ్ ఎలెక్ట్రైబ్ ఇఎస్-1, యమహా ఎస్‌యూ200, ఆర్‌ఎస్7000, మన ఎస్‌పీ-303... ఈ యంత్రాలన్నీ ఇంచుమించు ఒక్క కాలంవి, ఒక్క పొరపాటువి. పొరపాటు అనడం అన్యాయమేమో. 2000 సంవత్సరం చుట్టుపక్కల డిజిటల్ కెమెరాల్లో ఈ కార్డు రాజ్యమేలుతోంది. ఎక్కడ పడితే అక్కడ దొరికే కార్డును ఎంచుకోవడం తప్పెలా అవుతుంది? 2002లో ఒలింపస్, ఫుజీఫిల్మ్ కలిసి ఎక్స్‌డీ కార్డుకు మారిపోతాయని ఏ శాంప్లర్ ఇంజనీరు కలగంటాడు? ఆ ఎక్స్‌డీ కూడా తర్వాత పోయింది, అది వేరే సంగతి.

ఇరుకు ఎక్కడుంది?

కార్డులు పోగు చేసేవాళ్లతో మాట్లాడితే ఒక మాట తప్పకుండా వస్తుంది. ఈ యంత్రాల అందమంతా ఆ ఇరుకులోనే ఉందని, 8 ఎంబీ కార్డు పెట్టుకుని కూర్చుంటే బుర్ర వేరేలా పనిచేస్తుందని. నేనూ చాలాకాలం ఇదే చెప్పాను. కుదింపు లేకుండా లెక్కేస్తే 44.1 కిలోహెర్ట్జ్‌లో 8 ఎంబీ అంటే మోనోలో ఒకటిన్నర నిమిషం. ఏది ఉంచాలి, ఏది కోయాలి అని చెవిని పిండి అడుగుతుంది. ఆ మాటలో అబద్ధం లేదు.

కాకపోతే ఇరుకును తప్పు చోట వెతుకుతున్నామని ఇప్పుడనిపిస్తోంది. ఎస్‌పీ-1200ను తీసుకోండి. అందరూ పొగిడే ఆ గరుకు శబ్దం 12 బిట్లు, 26.04 కిలోహెర్ట్జ్ దగ్గర పుట్టింది. మొత్తం శాంప్లింగ్ సమయం సుమారు 10 సెకన్లు కాబట్టి, జనం 33 ఆర్‌పీఎమ్ రికార్డును 45లో తిప్పి, గబగబా ఎక్కించి, తర్వాత యంత్రంలో శ్రుతి దించారు. ఆ దించడంలోనే ఇంకాస్త ఇసుక చేరింది. ఈ కథలో ఫ్లాపీ పాత్ర ఎంత? ఏమీ లేదు. ఇరుకు ర్యామ్‌లో ఉంది, శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చే కన్వర్టర్లలో ఉంది. ఫ్లాపీ చేసింది సంచి మోయడం. అందుకే దాని స్థానంలో గోటెక్ వచ్చినా శబ్దం వెంట్రుకవాసి కూడా మారలేదు.

303లో అయితే వ్యవహారం పూర్తిగా తలకిందులు. ఎ, బి బ్యాంకులు యంత్రం లోపలి మెమరీలో ఉంటాయి. సి, డి బ్యాంకులు కార్డులో. లోపలున్నది స్టాండర్డ్ మోడ్‌లో అర నిమిషం పైచిలుకు. అంటే ఇరుకైనది యంత్రం. కార్డు ఆ ఇరుకులోంచి బయటపడేసేది. 64 ఎంబీ కార్డు వేసి 'పరిమితి నాకు స్ఫూర్తి' అనేవాడు నిజానికి పరిమితి నుంచి పారిపోతున్నాడు. నన్ను కూడా కలుపుకునే అంటున్నాను. నిజంగా ఇరుకే కావాలంటే కార్డు తీసి పక్కన పెట్టి ఎ, బి బ్యాంకులతో, పదహారు శబ్దాలతో నెల గడపాలి. గడిపాను. మొదటివారం చిరాకు. మూడోవారానికి చేసిన రెండు ట్రాకులు, నేను ఆ యంత్రం మీద చేసిన వాటిలో ఇప్పటికీ సిగ్గుపడకుండా వినిపించగలిగినవి.

అమెరికన్ హిప్‌హాప్ నిర్మాత మ్యాడ్‌లిబ్ 303తో చేసిన పని గురించి మాట్లాడినప్పుడు ఎవరూ కార్డు గురించి మాట్లాడరు. మాట్లాడేది పాత గ్రామఫోన్ రికార్డులా వినిపించేలా చేసే వినైల్ సిమ్ ఎఫెక్ట్ గురించి, ఆ కంప్రెషన్ గురించి, చేయి గురించి.

పరాయి దగ్గు

మూడో కార్డు పనిచేసింది. 16 ఎంబీ, వాడినది, మీద పెన్సిల్‌తో రాసి చెరిపిన గుర్తు. పెట్టగానే సి బ్యాంకు ప్యాడ్లు వెలిగాయి. ఖాళీ కార్డు అనుకుని కొన్నాను. లోపల ఎవరివో పదకొండు శబ్దాలు.

డ్రమ్ము దెబ్బలు నాలుగు. పియానోలాంటిది ఒక ముక్క, చివర సరిగా కోయలేదు కాబట్టి లూప్ తిరిగినప్పుడల్లా చిన్న టిక్ అంటుంది. ఏదో సినిమాలోంచి ఒక ఆడగొంతు. డి బ్యాంకు రెండో ప్యాడ్ మీద ఎవరో మైకు ముందు దగ్గి, 'వన్, టూ' అని, ఆపేశారు. బహుశా మైకు పరీక్ష. ఆ దగ్గును ఎన్నిసార్లు నొక్కానో చెప్పడానికి మొహమాటంగా ఉంది.

అమ్మినవారికి ఉత్తరం రాశాను, ఇందులో మీ శబ్దాలున్నాయి, పంపమంటారా అని. తాము సంగీతం చేయమని, పాత కెమెరాల పెట్టెలో దొరికిందని జవాబొచ్చింది. ఇక ఆ పదకొండింటికీ దిక్కు నేనే. ఫార్మాట్ మీట మీద వేలు పెట్టి తీసేశాను. నాకు కావలసింది ఆ 16 ఎంబీయే కదా? ఎవరిదో మైకు పరీక్షకు నేనెందుకు కాపలా కాయాలి? అయినా నొక్కలేకపోయాను.

అప్పుడే ఇంకొక సంగతి తట్టింది. నాండ్ ఫ్లాష్‌లో అక్షరం అంటే విద్యుదావేశం, బంధించి ఉంచినది, మెల్లగా కారిపోయేది. ఇలాంటి చిప్పుల వివరపత్రాల్లో డేటా నిలిచే కాలానికి మామూలుగా కనిపించే లెక్క 10 ఏళ్లు. నిజ జీవితంలో అంతకు రెండింతలు నిలిచినవీ ఉన్నాయి, నా చేతిలోని దగ్గే సాక్ష్యం. అయినా ఇప్పుడు మన దగ్గరున్న కార్డులన్నీ ఆ గీత దాటేసినవే. సీలు తీయని కొత్త కార్డు అని సంబరపడేవాళ్లకు ఒక మాట: ఫ్యాక్టరీలో ఆ కార్డు మీద రాసిన గుర్తింపు సమాచారం కూడా అదే ఆవేశం, అదే కారుడు. సీలు వేసినంత మాత్రాన కాలం బయట నిలబడదు.

అందుకే పోగు చేయడం మీద నాకు నమ్మకం పోయింది. పది కార్డులు కొని పదింటిలో పది ప్రాజెక్టులు దాచుకున్నవాడు, ఒక్కొక్కటి ఎప్పుడు పోతుందో తెలియని పది పెట్టెల్లో తన పని దాచుకున్నట్టు. ఒక కార్డు, దానితో పాటు దాన్ని చదివే రీడర్ ఉన్నవాడు ఇంతకంటే భద్రం. రీడర్ సంగతి ఎవరూ అనరు గానీ, కార్డుకంటే ముందు మాయమయ్యేది అదేనని నా భయం. ఒకప్పుడు ప్రతి బహుళ కార్డు రీడర్‌లోనూ ఎస్‌ఎమ్ అనే సందు ఉండేది. ఇప్పుడు కొత్తవాటిలో లేదు. కార్డుల కట్ట మీద పెట్టే డబ్బులో సగం ఒక మంచి పాత రీడర్ మీద పెట్టమంటాను.

నా మిత్రుడి చేయి

ఇదంతా నా మిత్రుడికి చెప్పాను. వాడు ఇఎస్-1తో వేదిక మీద వాయిస్తాడు, నాలుగు కార్డులు జేబులో వేసుకుని తిరుగుతాడు. మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు, అదే భయం.

"నువ్వు ఇంట్లో కూచుని మాట్లాడుతున్నావురా," అన్నాడు. "పాటకూ పాటకూ మధ్య నాకు ముప్పై సెకన్లుంటాయి. కార్డు తీసి కార్డు పెడతాను. అప్పుడు నీ కంప్యూటర్ ఎక్కడ పెట్టుకోను, నెత్తి మీదా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. వేదిక మీద కార్డు అంటే క్యాసెట్టు. మార్చాలి, అది చేతిలో ఉండాలి. వాడికి నాలుగు కావాలి, వాడికి నాలుగు దొరకాలి. నాలాంటివాళ్లు ఇంట్లో సొరుగు నింపుకోవడానికి ఎనిమిది కొంటే వాడి నాలుగు ఎక్కడినుంచి వస్తాయి అన్నది నా వైపు వాదన. వాడు దాన్ని ఒప్పుకోలేదు. ఎవరైనా కొని దాచకపోతే పాత కెమెరాలతో పాటు చెత్తలో పోయేవే కదా, దాచినవాడే రేపు అమ్ముతాడు అన్నాడు. అదీ నిజమే. నా మూడో కార్డు అలాంటి పెట్టెలోంచే కదా వచ్చింది.

ఒక విషయంలో మాత్రం వాణ్ణి కదిలించగలిగాను. నీ నాలుగు కార్డుల్లో ఉన్నది ఇంకెక్కడైనా ఉందా అని అడిగాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు ఎలాంటిదో బ్యాకప్ లేనివాళ్లందరికీ తెలుసు. ఆ ఆదివారం నా రీడర్ పట్టుకుని వెళ్లాను. మూడు కార్డులు తెరుచుకున్నాయి. నాలుగోది రీడర్‌లో సగం దాకా చదివి ఆగిపోయింది, యంత్రంలో పెడితే మాత్రం బాగానే వాయించింది. పాడైన చీటీలను ఆ యంత్రం ఎలాగో సర్దుకుంటోంది, రీడర్ సర్దుకోలేకపోతోంది అనుకుంటా. చివరికి దాన్ని పాత పద్ధతిలోనే బయటికి తీశాం. లైన్ అవుట్ నుంచి తీగ లాగి, ఒక్కొక్క శబ్దం నొక్కుతూ, కంప్యూటర్‌లోకి రికార్డు చేస్తూ. మధ్యాహ్నమంతా పట్టింది.

తీగలోంచి వచ్చింది ఏది?

ఆ మధ్యాహ్నం నా అభిప్రాయానికి ఇంకో మెలిక వేసింది. కార్డులోంచి ఫైలు తీయడం, తీగలోంచి శబ్దం తీయడం ఒకటి కాదు. ఫైలులో ఉన్నది యంత్రం మింగినది. తీగలోంచి వచ్చేది యంత్రం పలికినది. మనకు ఇష్టమైన ఆ గొంతు, అవుట్‌పుట్ కన్వర్టర్ దాకా కలిపి, రెండోదాంట్లోనే ఉంది. మొదటిదాన్ని కంప్యూటర్‌లో వింటే కొన్నిసార్లు ఇదా నేను చేసింది అనిపిస్తుంది. 303 అయితే తన శబ్దాలను తన సొంత రూపంలో రాసుకుంటుంది, ఎస్‌పీ0 అనే తోక తగిలించి. వాటిని కంప్యూటర్ పలికించగల వేవ్ ఫైళ్లుగా మార్చే చిన్న చిన్న ప్రోగ్రాములు ఎవరో పుణ్యాత్ములు రాసిపెట్టబట్టి గానీ, లేకపోతే కార్డు తెరుచుకున్నా లోపలిది తెరుచుకునేది కాదు.

అలాగని తీగ దారే మేలని కూడా అనలేను. లూప్ మొదలెక్కడ, చివరెక్కడ అన్న కొలత పోతుంది. ఏ ప్యాడ్ మీద ఏది ఉందో పోతుంది. ఫైలు ఉంటే రేపు ఇంకో కార్డులోకి ఎక్కించి మళ్లీ అదే యంత్రంలో పలికించవచ్చు, రికార్డింగ్‌తో అది కుదరదు. ఇప్పుడు నేను రెండూ చేస్తున్నాను, అందుకు పట్టే సమయాన్ని తిట్టుకుంటూ. ఒక్క కార్డు, ఒక పాత రీడర్, ఒక తీగ. వారంలో చేసినది ఆదివారం బయటికి, ఆ తర్వాత కార్డు ఖాళీ. యంత్రంలోనే ఫార్మాట్.

ఆ పదకొండు శబ్దాలు కూడా అలాగే బయటికొచ్చాయి. పేరు తెలియదు కాబట్టి ఫోల్డరుకు 'దగ్గు' అని పెట్టాను. ఆ తర్వాత ఫార్మాట్ నొక్కాను. ఈసారి వేలు ఆగలేదు, కాస్త తడబడింది అంతే.

పోయిన వారం ఎనిమిది కార్డుల కట్ట ఒకటి అమ్మకానికి కనిపించింది. 3.3 వోల్టులవే, మూలలు ఒకటికి రెండుసార్లు చూశాను. ఇంత రాసిన మనిషిని, ఆ పేజీ మూయడానికి అరగంట పట్టింది. చివరికి ఒక్కటి విడిగా ఇస్తారా అని అడిగాను, మిత్రుడి నాలుగో కార్డుకు బదులుగా. ఇంకా జవాబు రాలేదు. ఇవాళ పొద్దున చూస్తే కట్ట అమ్ముడైపోయింది.